రహీం మాస్టారి ఆటలు మన బడుల్లో ఆడించనివ్వండి: డెల్టా జిల్లాల విద్యాధికారులకు బహిరంగ లేఖ

కోనసీమ, తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి, కాకినాడ, ఏలూరు జిల్లాల విద్యాశాఖాధికారులకు, జిల్లా పరిషత్ హైస్కూళ్ల హెడ్మాస్టర్లకు, స్కూలు కమిటీల పెద్దలకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను మీ శాఖలోనే వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మాది ముక్తేశ్వరం దగ్గర గౌతమి గట్టు మీది పల్లె. ఉద్యోగం అయిపోయినా మానలేక, సాయంత్రం పూట ఊళ్లో పిల్లల చేత బంతి ఆడిస్తూ ఉంటాను. బకాయిల కోసమో, బదిలీల కోసమో రాస్తున్న ఉత్తరం కాదిది. ఒక మాస్టారి సంగతి మీకు చెప్పాలి. ఆయన చేసిన పనిని మన బడుల్లో మళ్లీ చెయ్యనివ్వమని అడగాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

ఆ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో రహీం సాబ్ అంటారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశం బంగారు పతకం గెలిచింది రెండేసార్లు, 1951లో ఢిల్లీలో ఒకసారి, 1962లో జకార్తాలో ఒకసారి. రెండుసార్లూ కోచ్ ఆయనే. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనం సెమీఫైనల్ దాకా వెళ్లింది ఒక్కసారి, 1956లో మెల్‌బోర్న్‌లో. అప్పుడూ ఆయనే. ఆయన 1963 జూన్ 11న ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయారు. అప్పటికి ఆయనకి 53 ఏళ్లు. ఆ తర్వాత మన జట్టు మళ్లీ ఆసియా క్రీడల బంగారం ముఖం చూడలేదు.

ఈమధ్య ఆయన పేరు కాస్త నలుగురికీ తెలిసింది. సంతోషమే. కానీ కోచ్‌గా తెలిసినంతగా బడి మాస్టారుగా తెలియలేదు. నాకు కావలసింది ఆ మాస్టారు. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో డిగ్రీ చదివారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడి ఆటల బాధ్యత నెత్తికెత్తుకున్నారు. అంటే మన జిల్లాల్లో ఇవాళ మెడలో ఈల వేసుకుని అసెంబ్లీ ముందు నిలబడే పీఈటీ ఏ కోవలోవాడో, ఆయనా ఆ కోవలోవాడే. విదేశీ కోచ్ కాదు, పెద్ద పెద్ద క్లబ్బుల్లో పేరు మోసిన ఆటగాడూ కాదు. ఖమర్ క్లబ్బు లాంటి స్థానిక జట్లలో ఆడిన మనిషి. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుని చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు ఎత్తింది. కలకత్తా క్లబ్బుల ముందు ఎవరూ ఆనని కాలంలో, నెలజీతం మీద బతికే పోలీసు కానిస్టేబుళ్లు చేసిన పని అది.

హైదరాబాదు ఆయనతో గోదావరి పిల్లలకేం సంబంధం అంటారా? ఉంది. 1956 నవంబరు 1న తెలంగాణ, ఆంధ్ర కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. సరిగ్గా నెలకి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ కొట్టడం అదే మొదలు. సెమీఫైనల్‌కి వెళ్లిన మొదటి ఆసియా జట్టూ మనదే. ఆ జట్టులో థంగరాజ్, అజీజ్, నూర్, జుల్ఫికర్, బలరాం ఇలా హైదరాబాదు వాళ్లే బోలెడుమంది, కోచ్ సరేసరి. అంటే కొత్త రాష్ట్రం పుట్టిన నెలలోనే మన రాజధాని మనుషులు ప్రపంచం ముందు నిలబడ్డారు. ఆ తర్వాత 2014 దాకా అదే మన రాజధాని. ఉద్యోగాలకీ చదువులకీ హైదరాబాదు బస్సెక్కని ఇల్లు ఈ డెల్టాలో లేదు. అక్కణ్ణుంచి మనం చాలా తెచ్చుకున్నాం. ఆయన బడిపిల్లలకి నేర్పిన ఆట మాత్రం తెచ్చుకోలేదు.

ఆయన గొప్పదనం ఎక్కడుందో చెప్పడానికి ఒక్క ప్రత్యర్థి చాలు, యుగోస్లావియా. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఆ జట్టు చేతిలో 10-1తో ఓడిపోయారు. కోచ్ రహీం గారే. చలిదేశంలో మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. ఆ ఓటమి తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకి మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఈసారి ముందు గోలు కొట్టింది మనం. చివరికి 4-1తో ఓడిపోయాం, నిజమే. మూడో స్థానం కోసం బల్గేరియాతో ఆడి అదీ పోగొట్టుకున్నాం. అయినా పది గోల్స్ కొట్టిన జట్టు ముందు నాలుగేళ్లలో తలెత్తుకుని ఆడేలా చెయ్యడం వట్టి బూట్లతో అయ్యే పనా?

కాదు. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండుని వాళ్ల వెంబ్లీలోనే 6-3తో ఓడించింది. గోలు ముందు కాచుకుని ఉండాల్సిన సెంటర్ ఫార్వర్డుని వెనక్కి దింపి, ఎదుటి డిఫెండర్లు ఎవరిని కాయాలో తెలియకుండా చేసింది. ఆ ఎత్తుగడని రహీం గారు మన ఆటగాళ్లకి తగ్గట్టు మలిచారు. 1958లో బ్రెజిల్ 4-2-4 అనే అమరికతో, అంటే వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురితో, ప్రపంచకప్పు గెలిచి ఊరూవాడా దాని పేరు మోగించింది. అంతకుముందే మనవాళ్లు ఇంచుమించు ఆ బాణీలో ఆడుతున్నారని ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవాళ్లు చెబుతారు. అయితే కాగితం మీద గీసుకున్న ఎత్తుగడ మైదానంలో నడవాలంటే, అది నడిపే కాళ్లు కావాలి. ఎడమకాలూ కుడికాలూ ఒకేలా పనిచెయ్యాలి, బంతి కాలికి తగలకముందే ఎవరికివ్వాలో తెలియాలి. ఈ రెండూ పాతికేళ్ల వయసులో క్యాంపు పెట్టి నేర్పితే రావు. పదేళ్లకో పన్నెండేళ్లకో రావాలి. అవి ఆయన పిల్లల ఆటల్లోనే నేర్పారు.

అయ్యా, నేను ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఈ సంగతి కోసమే. కాస్త ఓపిగ్గా చదవండి.

హైదరాబాదులో రహీం గారు కుర్రాళ్లకి రకరకాల పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగు నిషేధం, బంతిని కాళ్ల మధ్య ఆడించుకుంటూ ఒక్కడే పోవడానికి లేదు, అందుకుని వెంటనే ఇవ్వాలి. ఇంకో పోటీలో ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే కొట్టాలి. వయసుని బట్టి పోటీలు, ఎత్తుని బట్టి పోటీలు ఉండేవి. ఎత్తుకి హద్దు పెడితే, కండబలం ఉన్న పెద్ద కుర్రాడు చిన్నవాణ్ణి తోసేసి గెలిచే అవకాశం ఉండదు. ఈ పోటీలకి స్టేడియం అక్కర్లేదు. గ్రాంటు అక్కర్లేదు. కావలసిందల్లా ఒక బంతి, నాలుగు కర్రలు, ఈల, ఒక మాస్టారు.

మా ఊళ్లో సార్వా కోతలయ్యాక బడి ఆవరణంతా ధాన్యం బరకాలే. ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు, ఈ చిత్తడి నేల మీద రైతు ధాన్యం ఎక్కడ ఆరబెట్టుకుంటాడు? రోడ్డు మీదా, బడిలోనే. ఆ బరకాలకీ ప్రహరీగోడకీ మధ్య సన్నటి జాగా మిగులుతుంది. అక్కడే అటు రెండు, ఇటు రెండు సరుగుడు కర్రలు పాతి, ఐదుగురి చొప్పున రెండు జట్లు చేస్తాను. ఒక పక్క గోడ, ఇంకో పక్క ధాన్యం. బంతి బరకం మీద పడితే ఎదుటి జట్టుకిచ్చెయ్యాలి. ధాన్యం తొక్కినవాడు ఆ పూట ఆట చూస్తూ కూచోవాలి. రైతుకి ఇచ్చిన మాట అది. దాంతో పిల్లలు బంతిని పైకి లేపడం మానేశారు. నేల మీదే, చిన్న చిన్నగా, పక్కవాడి కాలికి అందేలా ఇవ్వడం వాళ్లంతట వాళ్లే నేర్చుకున్నారు.

ఒక శీతాకాలం డ్రిబ్లింగు లేని ఆట పెట్టాను. ఎవరైనా బంతిని రెండుసార్లే తాకాలి, మూడోసారి తాకితే ఈల. ఎనిమిదో తరగతి కుర్రాడొకడున్నాడు. మంచి చురుకైనవాడు, బంతి దొరికిందంటే నలుగురినీ తప్పించుకుని ఒక్కడే గోలు దాకా పోయేవాడు. ఊరంతా వాణ్ణి మెచ్చుకుంటుంది. మొదటి సాయంత్రం వాడికి పదే పదే ఈల పడింది. ఉక్రోషం వచ్చి బంతిని కాలవకేసి తన్ని, గట్టు మీద కూచున్నాడు. నేను పిలవలేదు. మర్నాడు వాడే వచ్చి ఆడాడు. మెల్లిగా వాడి మెడ మారింది. అదివరకు చూపు బంతి మీదే ఉండేది. ఇప్పుడు బంతి ఇంకా దారిలో ఉండగానే తలెత్తి అటూ ఇటూ చూస్తున్నాడు, ఎవరు ఖాళీగా ఉన్నారా అని. అలా చూసినప్పుడు వాడికి గోడవార నిలబడ్డ ఏడో తరగతి అమ్మాయి కనిపించింది. ఆ పిల్ల రోజూ వచ్చేది, రోజూ అక్కడే నిలబడేది, ఒక్క బంతీ వచ్చేది కాదు. వాడు ఇచ్చాడు. పిల్ల కంగారుపడి తన్నింది, పోయి బోదెలో పడింది. లంగా తడుపుకుంటూ దిగి తెచ్చుకుంది. వాడు మళ్లీ ఇచ్చాడు. ఇప్పుడా పిల్ల లేకుండా ఆ జట్టు ఆడదు.

ఎడమకాలి ఆట ఇంకా బాగుంటుంది. కుడికాలి మడమకి పురికొస కట్టిస్తాను, గుర్తుకి. ఆ కాలితో కొట్టిన గోలు లెక్కలోకి రాదు. కొట్టేది ఒక కాలయినా నిలబడేది ఇంకో కాలు కదండీ. ఇన్నాళ్లూ కొట్టిన కుడికాలు ఇప్పుడు ఒళ్లంతటినీ మొయ్యాలి. దాన్ని బంతికి ఎంత ఎడంగా పెట్టాలి, మోకాలు ఎంత వంచాలి, భుజం ఎటు తిప్పాలి అనేది పిల్లలు కొత్తగా నేర్చుకోవాలి. మొదట్లో బంతి అడ్డదిడ్డంగా పోతుంది, వాళ్లలో వాళ్లు నవ్వుకుంటారు. బాగా ఆడేవాడూ అంతంతమాత్రంగా ఆడేవాడూ ఆ ఆటలో ఒకే మెట్టు మీద ఉంటారు. ఏ పిల్లాడూ చిన్నబోడు. ఒక బడి మాస్టారు ఇలాంటి ఆట కనిపెట్టారంటే తరగతిలో చివరి బెంచీని చూసిన మనిషి గనకే.

ఇలాంటి ఆటల మీద పెరిగిన ఆలోచన చివరికి ఎక్కడ తేలిందో జకార్తా చెబుతుంది. 1962 ఆసియా క్రీడలు. మొదటి ఆటే దక్షిణ కొరియా చేతిలో 2-0తో పోయింది. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో కొట్టారు. థాయ్‌లాండ్ ఆటలో వెనక కాసే జర్నైల్ సింగ్ తలకి దెబ్బతగిలి కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే ఇంటికి పంపేవాడు. రహీం గారు కట్టు కట్టిన తలతోనే ఆయన్ని ముందు వరసలోకి పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గోలు కొట్టాడు. మనం 3-2తో గెలిచాం. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారుల్ని రానివ్వలేదని మన దేశపు క్రీడాధికారి ఒకరు నిలదీసినందుకు ఇండోనేషియా జనం మనమీద మండిపడుతున్నారు. సుమారు లక్షమంది నిండిన స్టేడియంలో మనవాళ్ల కాలికి బంతి తగిలితే చాలు, గోల. జ్వరంతో ముందటి ఆటలకి దూరంగా ఉన్న థంగరాజ్‌ని గోలు ముందు నిలబెట్టారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో గెలిచాం. రేపు మీరు బంగారం గెలిచి నాకు కానుకగా ఇవ్వాలని ముందురోజు రాత్రి రహీం గారు అడిగారని ఆ జట్టువాళ్లు ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు. అప్పటికే జబ్బు ఆయన్ని తినేస్తోంది. తొమ్మిది నెలలకి ఆయన లేరు.

వెనక ఆడేవాణ్ణి రాత్రికి రాత్రి ముందుకు పంపితే ఆడగలిగాడంటే ఆ జట్టులో ప్రతివాడికీ మిగతావాళ్ల పని కూడా తెలుసన్నమాట. నా చోటు ఇదే, నేను ఇంతే ఆడతాను అనేవాళ్లతో ఆ పని జరగదు. ఆయన దగ్గర నేర్చుకున్న పీకే బెనర్జీ తర్వాత దేశానికి పెద్ద కోచ్ అయ్యారు. 1965లో ఆంధ్రప్రదేశ్ పేరుమీద రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ వచ్చింది. 1970లో బాంకాక్‌లో కాంస్యం తెచ్చిన మన జట్టుకి కెప్టెన్ హైదరాబాదీ నయీముద్దీన్. మాస్టారు పోయాక కూడా ఆయన వేసిన దారి కొన్నాళ్లు నడిచింది. ఆ తర్వాత గడ్డి మొలిచింది. వెనక వచ్చినవాళ్లు పెద్ద జట్ల సంగతి చూసుకున్నారు, చిన్నపిల్లల పోటీల్ని వదిలేశారు. నా అభిప్రాయం ఇది, గట్టిగానే చెబుతున్నాను.

ఇప్పుడు మన సంగతి.

మన బడుల్లో ఆటలంటే ఎంపికలు. మండల స్థాయి, జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి. అండర్ 14, అండర్ 17. ఉత్తర్వు వస్తుంది, ఫలానా తేదీన ఫలానా ఊళ్లో హాజరవ్వాలని. ఆ ఒక్క పూటలో పిల్లాడు ఏం ఆడితే అదే వాడి జాతకం. అసలు బడిలో ఏడాది పొడుగునా ఆటే లేనప్పుడు ఎంపికకి ఏ ఆట తీసుకెళ్తాడు? నేను పనిచేసిన ఒక బడిలో ఆటల పీరియడ్ టైంటేబుల్లో ఉండేది, మైదానంలో ఉండేది కాదు. లెక్కల సిలబస్ మిగిలిపోతే లెక్కలకి, సైన్సు మిగిలిపోతే సైన్సుకి. పీఈటీని మధ్యాహ్న భోజనం లెక్కలకీ, ఆన్‌లైన్ హాజరుకీ, ఊరేగింపులో పిల్లల్ని వరసలో నడిపించడానికీ వాడుకుంటారు. మైదానంలోకి వెళ్లనివ్వమంటే, టెన్త్ రిజల్టు రాకపోతే మీరు సమాధానం చెబుతారా అన్నారు. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, ప్రతి తరగతికీ ఆట సామాను ఇవ్వాలని రాసుంది. అది కేంద్రం చేసిన చట్టం, నా కోరిక కాదు.

లంక గ్రామాల పిల్లల మాట మరీ కష్టం. అవతలి ఒడ్డున జరిగే ఎంపికకి వెళ్లాలంటే కోటిపల్లి రేవులో పంటు దాటాలి, ఆటో ఎక్కాలి, బస్సెక్కాలి. కూలికెళ్లే తల్లి పని మానుకుని పిల్లని వెంటబెట్టుకుని పోవాలి. వరద రోజుల్లో పంటే ఉండదు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలినా శివారు చేలకి అందనట్టు, రాష్ట్రంలో ఆటలకని వచ్చే డబ్బూ అవకాశమూ ఈ లంకల దాకా రావు. సికింద్రాబాదు అవతల అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రాడు ఉండేవాడు. బాగా ఆడతాడని విని రహీం గారు పిలిచారు. అంత దూరం రోజూ రావడానికి డబ్బుల్లేవన్నాడు. సైకిలు అద్దెకి డబ్బిచ్చి మరీ రప్పించుకున్నారు. ఆ కుర్రాడే మెల్‌బోర్న్ వెళ్లాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టాడు, జకార్తాలో బంగారం మెడలో వేసుకున్నాడు. ఆ సైకిలు అద్దె ఇవ్వకపోయి ఉంటే? మన లంకల్లో ఎందరు బలరాంలు పంటు చార్జీ దగ్గర ఆగిపోయారో.

మా వాళ్లది వాలీబాలు, కబడ్డీ నేల, ఫుట్‌బాల్ ఎవరాడతారని కొందరు హెడ్మాస్టర్లు నాతో అన్నారు. వాలీబాలు మీద నాకూ ప్రాణమే. సంక్రాంతికి మన ఊళ్లలో పందేల బరుల పక్కనే వాలీబాలు పోటీలు జరగడం చూస్తూనే ఉంటాం. కానీ వాలీబాలుకి నెట్టు కావాలి, ఎత్తు కావాలి. పొట్టి పిల్లలు ఎప్పుడూ బంతి అందించడానికే మిగిలిపోతారు. రహీం గారి ఎత్తు పోటీల్లో ఆ పిల్లలకే ముందు చోటు. కబడ్డీకి అమ్మాయిల్ని ఇంట్లో పంపరు, ఒంటి మీద చెయ్యి పడుతుందని. డ్రిబ్లింగు లేని బంతాటలో ఒకరినొకరు తోసుకునే పనే ఉండదు, అభ్యంతరం చెప్పే తల్లిదండ్రులు నాకింకా తగల్లేదు.

డ్రిల్లు మాస్టారి వల్ల ఏమవుతుందండీ అని ఇంకొందరంటారు. అమలాపురం వెళ్లి అడగండి. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌలో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల డబుల్స్ బంగారం తెచ్చిన సాత్విక్ సాయిరాజ్ మన అమలాపురం కుర్రాడు. బ్యాడ్మింటన్‌లో మన దేశానికి ఆసియా క్రీడల్లో అది మొదటి బంగారం. వాళ్ల నాన్నగారు వ్యాయామోపాధ్యాయులు. జకార్తా బంగారం వెనకా ఒక మాస్టారే, ఈ బంగారం వెనకా ఒక మాస్టారే.

నేను అడిగేది ఇది. జూన్ 12న బడులు తెరిచి టైంటేబులు వేసుకునేటప్పుడు, ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా వారానికి రెండు ఆటల పీరియడ్లు ఎవరూ ముట్టుకోకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. పదో తరగతి జోలికి నేను రావడం లేదు. మీ భయం నాకు తెలుసు. ఆ పీరియడ్లో పీఈటీకి ఇంకో పని అప్పజెప్పవద్దని కూడా అందులోనే రాయండి. కార్తీకం వెళ్లాక, సంక్రాంతి సెలవుల లోపు, ప్రతి హైస్కూల్లో రహీం మాస్టారి పద్ధతిలో మూడు పోటీలు జరగాలి. ఒకటి డ్రిబ్లింగు లేనిది, ఒకటి బలహీనమైన కాలితో ఆడేది, ఒకటి ఎత్తు కొలిచి పెట్టేది. ఐదుగురి జట్లు చాలు. ఆడపిల్లలు తప్పకుండా ఉండాలి. పెద్ద జట్లకి కప్పులిచ్చినట్టు ఇవ్వక్కర్లేదు, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టక్కర్లేదు. పోటీలో ఎవరు గెలిచారో కాదు, ఎంతమంది పిల్లలు ఆడారో లెక్క రాయమనండి. రాష్ట్ర క్రీడా దినాలకీ జాతీయ క్రీడా దినానికీ నేను వ్యతిరేకిని కాను. కానీ ఆగస్టు 29 నాటికి మన మైదానాల్లో వరద ఒండ్రు మోకాలి దాకా ఉంటుంది. ఆ రోజు ప్రతిజ్ఞ చేయించి పంపడం తప్ప ఏం చెయ్యగలం? మన ఆటల కాలం మన పంటల కాలాన్ని బట్టి ఉంటుంది. దాన్ని అమరావతిలో కూచుని నిర్ణయించనక్కర్లేదు, మీ జిల్లాలో మీరే చెయ్యగలరు.

ఇంకొక్కటి. అవతలి ఒడ్డుకి ఎంపికలకి వెళ్లే పిల్లలకీ, వాళ్ల వెంట వెళ్లే ఒక పెద్దమనిషికీ పంటు, బస్సు చార్జీ ముందే చేతిలో పెట్టండి. తర్వాత బిల్లు పెట్టుకోండి అంటే ఆ పిల్ల రాదు. స్కూలు కమిటీల పెద్దలకి నా మనవి కూడా ఇదే. ఊళ్లో తీర్థానికీ భోజనాలకీ చందాలు వేసుకునే చేతులు మనవి. ఇద్దరు పిల్లల పంటు చార్జీ మనకి భారం కాదు.

మా ముక్తేశ్వరం చుట్టుపక్కల బడుల్లో ఈ పోటీలకి మొదట సిద్ధపడే హెడ్మాస్టరు ఎవరైనా సరే, కబురు పెట్టండి. సరుగుడు కర్రలు, పురికొస, ఈల నేనే తెచ్చుకుంటాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పీఈటీలకి ఈ ఆటల రూల్స్ రెండు సాయంత్రాల్లో చూపిస్తాను, నాకు దారి ఖర్చులు కూడా వద్దు. ధాన్యం ఆరబెట్టుకునే రైతులతో మాట్లాడే బాధ్యత కూడా నాదే. మీ సంతకంతో ఆ సర్క్యులర్ ఒక్కటి రానివ్వండి.

ఇట్లు,
ముక్తేశ్వరం దగ్గరి ఒక రిటైర్డ్ పీఈటీ